బిడ్డ తప్పు చేసి ఎక్కడికి పోవును?



బడి తెరచిన దినమున తండ్రి తన కుమారుని రెక్క పట్టుకొని వచ్చి ఉపాధ్యాయునితో చెప్పు మాట మన పల్లెలలో విననివారు లేరు. "కండ్లు రెండు వదిలిపెట్టి తోలు తీయండి సారూ, మేము అడగం" అని చెప్పి, చుట్టునున్న వారి వంక చూచి నవ్వి వెళ్లిపోవును. ఆ నవ్వులో తాను మంచి తండ్రినను తృప్తి యున్నది. ఆయన మన సంఘస్థుడే. ఆదివారమున చాపమీద ముందు వరుసలో కూర్చుండువాడే. ఇదేమని అడిగితిమా, సామెతల గ్రంథము తెరచి మనకే చూపును. కుమారుని శిక్షింపని తండ్రిని జ్ఞానియైన సొలొమోను తప్పుపట్టెను గదా, ఇక కాదనుటకు మీరెవరు అని అడుగును.

ఆ మాటకు జవాబు చెప్పవలసియున్నది. ఏలయనగా దేవుని వాక్యమును అడ్డము పెట్టుకొని మన యిండ్లలో జరుగుచున్న దానిలో శిక్ష కొంచెము, కోపము విస్తారము.

బడిలో కొట్టు అధికారము ఇప్పుడు ఉపాధ్యాయునికి లేదు. 2009లో పార్లమెంటు చేసిన ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టములోని 17వ సెక్షను, పిల్లలను కొట్టుటను, మనస్సు నొచ్చునట్లు వేధించుటను నిషేధించెను. అది 2010 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలునకు వచ్చెను. అందువలననే పిల్లలు చెడిపోయిరని మన పెద్దలందురు. వారి తాతల కాలమున వీధిబడిలో కోదండము వేసిరి, గోడకుర్చీ వేయించిరి, తొడపాశము పెట్టిరి, నిజమే. దూలమునకు కట్టిన త్రాటిని పట్టించి పిల్లవానిని వ్రేలాడదీయుటయే కోదండము. అంత భయములో పెరిగినవారందరు సత్యవంతులైన యెడల ఈ వాదమును ఒప్పుకొనవచ్చును. ఆ బడులలోనే చదివి కరణములైనవారి లెక్కలను ఎందరు రైతులు నమ్మిరో ఆ పెద్దలనే అడిగి చూడుడి.

బిడ్డలను దిద్దనక్కర లేదని నేను చెప్పుటలేదు. మొక్కై వంగనిది మానై వంగునా అను సామెత నిజమే. అయితే తండ్రి యొక్క గట్టితనమును కొలుచుటకు మనము పట్టుకొన్న కొలకఱ్ఱ తప్పు. ఇంటిలోనికి ఆయన అడుగు పెట్టగానే పిల్లలు నోరు మూసుకొందురా, అయితే గట్టివాడు అనుచున్నాము. నేను వేరొక కొలత అడుగుదును. మీ బిడ్డ తప్పు చేసినప్పుడు ఎక్కడికి పోవును? ఫీజు కని ఇచ్చిన డబ్బు ఖర్చు పెట్టివేసెను. లేక పొరుగువాని జామకాయలు కోసెను. లేక పరీక్ష తప్పెను. ఆ సాయంకాలము వాని కాళ్లు ఇంటివైపు నడచునా, ఇంటినుండి దూరముగా నడచునా? గడ్డివాము చాటునకా, అమ్మమ్మ ఊరికా, చెరువుకట్ట మీదికా? వాడు మీ యొద్దకు రాని యెడల మీరు ఎంత కొట్టియు ఏమి దిద్దగలరు? రోగిని తరిమివేయు వైద్యుడు ఎవనికి మందు వేయును?

మన యిండ్లలో దెబ్బ ఎట్లు పడుచున్నదో దాచక చెప్పుకొందము. సోమవారమున గ్లాసు పగిలెను. తండ్రి నవ్వి ఊరకుండెను, ఆ దినమున కూలి డబ్బులు చేతికి వచ్చియున్నవి. శుక్రవారమున అట్టి గ్లాసే పగిలెను. బెల్టు షాపు నుండి వచ్చుచున్న తండ్రి వీపు చిట్లగొట్టెను. దీనివలన బిడ్డ ఏమి నేర్చుకొనెను? గ్లాసు జాగ్రత్తగా పట్టుకొనవలెనని కాదు. నాన్న నడకను దూరమునుండి చూచి, మబ్బు పట్టినదా లేదా అని చెప్పుట నేర్చుకొనెను. ముఖము చదువుట నేర్చుకొనెను. అబద్ధము చెప్పుట నేర్చుకొనెను, ఏలయనగా అబద్ధము చెప్పిన దినమున దెబ్బ తప్పెను. ఆ అబద్ధమునకు పాఠము చెప్పినది తండ్రియే.

తల్లులకు కూడ ఒక మాట. "నాన్న రానీ, నీ పని చెప్తా" అని పగలంతయు బెదరించి, రాత్రి నాన్న వచ్చినాక మీరే ఆ తప్పును కప్పిపుచ్చుదురు. ఉదయమున తండ్రిని బూచివానిగా చేయుదురు, సాయంకాలమున ఆయనను మోసపుచ్చుదురు. బిడ్డకు రెండును కనబడుచునే యున్నవి. ఒకే కప్పు క్రింద రెండు ప్రభుత్వములు నడచుచున్నవనియు, ఒకదాని చేత రెండవదానిని తప్పించుకొనవచ్చుననియు వాడు ఆరేండ్లకే గ్రహించును.

ఇక బొత్తిగా కొట్టని తలిదండ్రులు మేలా? వారిలో ఎక్కువమంది దయచేత కొట్టనివారు కారు, తీరిక లేక కొట్టనివారు. బిడ్డ ఏడ్చెనా, సెల్‌ఫోను చేతికిచ్చుదురు. అన్నము తినకపోయెనా, పది రూపాయల చిప్సు పొట్లము తెప్పింతురు. ఈ గారాబమును ఆ దెబ్బయు అన్నదమ్ములు. రెండింటిలోను బిడ్డతో కూర్చుండి మాటలాడు పని తప్పిపోవును. ఒకే తండ్రి ఉదయమున ఒకటి, రాత్రి రెండవది చేయుచుండుట మీరు చూడలేదా?

మన కాపరులు తలిదండ్రులకు బోధించునప్పుడు తరచుగా సుసన్నా వెస్లీ అను తల్లిని చూపుదురు. జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీ అను దైవజనులు ఆమె కుమారులు. ఇంగ్లాండులో ఎప్‌వర్త్ అను ఊరి గురువుగారి భార్య. ఆమెకు పందొమ్మిది మంది పుట్టిరనియు, పదిమంది బ్రతికిరనియు చెప్పుదురు. తాను పిల్లలను పెంచిన విధమును ఆమె 1732 జూలైలో కుమారుడైన జాన్‌కు ఒక జాబులో వివరించెను. ఆ జాబులో కఠినమైన సంగతులు కలవు. ఏడాది నిండిన పసివారికే బెత్తమునకు భయపడుట, మెల్లగా ఏడ్చుట నేర్పెదనని వ్రాసెను. అయిదేండ్లు నిండగానే చదువు మొదలు. అక్షరములన్నిటిని ఒక్క దినములో నేర్చుకొనవలెను. ఇద్దరు ఆడపిల్లలు మాత్రము దినమున్నర తీసికొనిరట. మన బోధకులు ఇంతవరకు చదివి జాబును మడిచివేయుదురు.

ఏడాది పిల్లను కొట్టుటను గూర్చి నేను ఆమెతో ఏకీభవింపను. ఆ వయస్సు బిడ్డకు తప్పు ఇది, ఒప్పు ఇది అను ఎరుకయే యుండదు. అయినను మడిచివేసిన ఆ రెండవ సగమును విప్పి చదువుడి. భయము పిల్లలను అబద్ధమునకు నడిపించునని ఆ తల్లి కనిపెట్టెను. కనుక ఇంటిలో ఒక చట్టము చేసెను: ఎవడైనను తన తప్పును ఉన్నదున్నట్లు ఒప్పుకొని దిద్దుకొందునని చెప్పిన యెడల వానిని కొట్టకూడదు. దీనివలన ఇంటిలో అబద్ధములు చాలవరకు నిలిచిపోయెనని ఆమె వ్రాసెను. ఒక తప్పుకు రెండుమారులు దండింపకూడదు. దిద్దుకొనిన తప్పును మరల ఎత్తి దెప్పిపొడువకూడదు. పిల్లలకిచ్చిన మాట తప్పకూడదు. చూచితిరా, ఈ చట్టములలో సగము పిల్లలకు కాదు, తలిదండ్రులకే. మనము ఆమె బెత్తమును తెచ్చుకొని ఆమె చట్టమును అక్కడనే విడిచివచ్చితిమి. మన యింట ఒప్పుకొనిన బిడ్డకు ఏమి జరుగుచున్నది? "నోటితో చెప్పుటకు ఎంత ధైర్యము!" అని మరి రెండు దెబ్బలు. మూడేండ్ల క్రిందటి తప్పును బంధువుల యెదుట, పెండ్లిలో, అన్నము వడ్డించుచుండగా ఎత్తుదుము.

ఆమె చేసిన వేరొక పనిని గూర్చి మనకు విశేషముగా తెలిసియుండవలెను, ఏలయనగా దానికి మన దేశముతో సంబంధము కలదు. 1706లో జీగన్‌బాల్గ్ మొదలైన మిషనరీలు డెన్మార్కు రాజు పంపగా తమిళ తీరమున తరంగంబాడిలో దిగిరి. తరువాత మద్రాసునకు వచ్చి తెలుగు నేర్చి లేఖనములను మన భాషలోనికి త్రిప్పిన బెంజమిన్ షుల్జ్ కూడ ఆ మిషనువాడే. తరంగంబాడి వృత్తాంతము అచ్చయి ఎప్‌వర్త్ గురువుగారి యింటికి చేరెను. భర్త లండనులో నుండగా సుసన్నమ్మ దానిని చదివి కదలిపోయెను. పరదేశమునకు పోయి ప్రసంగించుట తనకు సాధ్యము కాదు. అయితే నా యింటి పిల్లల ఆత్మల మాట ఏమి అని తన్ను ప్రశ్నించుకొనెను. అప్పటినుండి ప్రతి రాత్రి ఒక్కొక్క బిడ్డతో ఏకాంతముగా కొంతసేపు మాటలాడుట మొదలుపెట్టెను. సోమవారము మాలీ, మంగళవారము హెట్టీ, బుధవారము నాన్సీ, గురువారము జాన్, శుక్రవారము పాటీ, శనివారము చార్లెస్, ఆదివారము పెద్ద కుమార్తెలిద్దరు. ఈ సంగతిని ఆమె 1712లో భర్తకు వ్రాసెను. అప్పుడు జాన్ ఎనిమిదేండ్ల బాలుడు.

ఇరువది సంవత్సరములు గడచెను. జాన్ ఆక్స్‌ఫర్డులో పండితుడై యున్నాడు. 1732లో అతడు తల్లికి జాబు వ్రాయుచు, తన బాల్యమున తనకిచ్చుచుండిన ఆ గురువారపు సాయంకాలములో కొంచెము భాగము ఇప్పుడు కూడ తనకు కావలెనని బతిమాలుకొనెను. బెత్తము కావలెనని అతడు అడుగలేదు.

అదే యింటిలో దీనికి విరుద్ధమైన కథయు జరిగెను. మంగళవారపు బిడ్డయైన హెట్టీ చాల తెలివిగలది, పద్యములు వ్రాయునది. యౌవనమున ఒక పురుషునితో ఇల్లు విడిచిపోయి తప్పిపడి తిరిగివచ్చెను. తండ్రియైన శామ్యూలు గురువుగారు ఆమె ముఖము చూడనొల్లక, 1725లో ఆమెకు ఏ విధముగాను సరిపడని ఒక సీసపు పనివానికిచ్చి పెండ్లి చేసెను. ఆ కాపురములో సుఖము లేదు; పుట్టిన బిడ్డలు పసితనముననే పోయిరి. ఆమె క్షమాపణ వేడుకొనినను తండ్రి మనస్సు కరగలేదు. 1726లో జాన్ సహోదరి పక్షమున, పాపుల యెడల కనికరము చూపవలెనని ప్రసంగము చేయగా, తండ్రి అతని మీద కూడ నొచ్చుకొనెను. శామ్యూలు చెడ్డవాడు కాడు. నీతిమంతుడు, విద్వాంసుడు, యోబు గ్రంథము మీద గొప్ప వ్యాఖ్యానము వ్రాసినవాడు. అట్టివాని గట్టితనము బిడ్డ మొఖము మీద తలుపు వేసెను. పరువు అను మాట ఇంగ్లీషులో లేకపోవచ్చును గాని ఆ జబ్బు అక్కడను ఉండెను.

పరువు మాట వచ్చినది గనుక ఆడపిల్లల సంగతి చెప్పక విడువను. మన యిండ్లలో గట్టితనమంతయు ఎవరి మీద పడుచున్నది? కుమారుడు రాత్రి పదకొండు గంటలకు మోటారు సైకిలు మీద వచ్చినను "మగపిల్లవాడు గదా" అందురు. కుమార్తె బస్సు తప్పి అరగంట ఆలస్యముగా వచ్చిన యెడల ఇంటిల్లిపాది ప్రశ్నలు. ఎవడో వెంటపడి వేధించుచున్నాడని ఆమె ఇంటిలో చెప్పెనా, మరునాడే చదువు మాన్పించి పదునాలుగు, పదునైదు ఏండ్లకే సంబంధము వెదకుదురు. పదునెనిమిది నిండని పిల్లకు పెండ్లి చేయుట 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము నేరము, అది అటుండనీయుడి. తప్పు చేసినది వాడు, శిక్ష ఈమెకు. ఆమె చెల్లెలు ఇది చూచుచున్నది. ఆ చెల్లెలికి అట్టి కష్టమే వచ్చిన యెడల ఇంటిలో నోరు విప్పునా?

లేఖనములనే చూతము. బెత్తము పక్షమువారు ఏలీని చూపుదురు: కుమారులను అదుపులో పెట్టని యాజకుడు, వాని యిల్లు కూలిపోయెను. నిజమే. అయితే ఏలీ కుమారులు పసివారు కారు. బలిపీఠము నొద్ద అధికారములో నున్న పెద్దవారు. ఆయన చేయవలసినది వారిని ఆ పదవినుండి తొలగించుట. బెత్తము తీసికొనుట కాదు. దావీదును చూడుడి. అదోనీయాను ఎన్నడును నీవు చేయుచున్నదేమని అడుగలేదని రాజుల గ్రంథము చెప్పుచున్నది. అడుగలేదు! కొట్టలేదని చెప్పలేదు, అడుగలేదని చెప్పెను. అబ్షాలోము విషయములోనో, వానిని యెరూషలేమునకు రప్పించియు రెండు సంవత్సరములు ముఖము చూపలేదు. ఒక కుమారుని ప్రశ్నింపలేదు, ఒక కుమారుని చూడలేదు. ఇద్దరును తండ్రి మీదనే తిరుగబడిరి.

బెత్తమును గూర్చిన సామెతలు సొలొమోనువి గదా, సొలొమోను కుమారుడెవడు? రెహబాము. ప్రజలు వచ్చి కాడి తేలిక చేయుమని వేడుకొనగా, నా తండ్రి కొరడాలతో కొట్టెను, నేను కొరడాలతో సరిపెట్టను అని చెప్పిన మూర్ఖుడు. పది గోత్రములవారు ఆ దినముననే డేరాలు సర్దుకొని వెళ్లిపోయిరి. జ్ఞాని ఇంట పుట్టి ఆ మాట ఎక్కడ నేర్చెనో ఆలోచింపదగినది. అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకును కొలొస్సయులకును వ్రాయునప్పుడు తండ్రులకు ప్రత్యేకముగా చెప్పిన మాట బిడ్డలకు కోపము పుట్టింపవద్దని. పిల్లలు ధైర్యము చెడుదురని కారణము కూడ చెప్పెను. మన బెత్తపు పక్షమువారు ఈ రెండు చోట్లను ఏల తెరవరు?

తప్పిపోయిన కుమారుని ఉపమానములో నాకు ఎల్లప్పుడు ఆశ్చర్యము కలిగించునది ఒకటి. పందుల మధ్య ఆకలితో నున్న ఆ చిన్నవానికి ఇల్లు జ్ఞాపకము వచ్చెను. తండ్రితో ఏమి చెప్పవలెనో అక్కడనే కూర్చుండి మాటలు కూర్చుకొనెను. ఆ తండ్రి ఎట్టివాడో చిన్ననాటినుండి ఎరిగినవాడు గనుకనే ఆ మాటలు కూర్చుకొనగలిగెను. వాడు ఇల్లు విడుచుటకు ముందే తండ్రి ఆ పని చేసిపెట్టెను.

మరి ఆ దారి తెలియని బిడ్డల మాట? 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితములు వచ్చిన తరువాత కొద్ది దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణము తీసికొనిరి. మార్కుల లెక్కలో తప్పులు దొర్లినవని తరువాత బయటపడెను. ఆ కుటుంబములను నిందించు హక్కు మనకు లేదు. వారి దుఃఖము వారిది, తప్పు లెక్క వేసినవారి బాధ్యత వారిది. అయితే మన మన యిండ్లలో నున్న పిల్లల సంగతి మనదే. పరీక్ష తప్పిన పిల్లవాడు ఆ సాయంకాలము "అమ్మా, తప్పాను" అని చెప్పి అన్నము తినగల యిల్లు మనదా కాదా? ఈ ప్రశ్నను ఫలితములు వచ్చిన దినమున వేసికొనిన యెడల ఆలస్యమైపోవును.

అట్లయిన గట్టిగా నుండవలసినది దేనియందు? కొద్దింటియందు. అబద్ధము, దొంగతనము, బలహీనుని ఏడిపించుట, కులము పేరు పెట్టి ఒకనిని హేళన చేయుట, వాగిన మాట నిలుపుకొనకపోవుట: వీటియందు తండ్రి ఏ దినమున చూచినను ఒక్కటే విధముగా నుండవలెను, కూలి డబ్బు వచ్చిన దినమునను రాని దినమునను. పాలు ఒలికినవి, చొక్కా చినిగినది, ఆటలో ప్రొద్దు మరచెను: ఇవి బాల్యము. వీటికి చీపురు ఇచ్చి తుడువుమనుట, సూది ఇచ్చి కుట్టుమనుట చాలును. దొంగిలించిన జామకాయలను వాని చేతనే పొరుగువాని యింటికి పట్టించి, తోడుగా మీరును నడచిపోవుట పది దెబ్బలకంటె కష్టమైన శిక్ష. కష్టము మీకును కలదు గనుకనే మనము దానిని చేయము.

"కూలికి పోయి ప్రొద్దు క్రుంకినాక వచ్చువారము, ఒక్కొక్క బిడ్డతో కూర్చుండుటకు మాకు తీరిక ఎక్కడిది?" అని మీరడుగుదురు. సుసన్నమ్మకు ఇల్లు నిండ పిల్లలు, చేతిలో డబ్బు లేదు, భర్త ఊరిలో లేడు. పావుగంట చాలును. గేదెను తోలుకొని వచ్చుటకు పోవునప్పుడు ఒక బిడ్డను వెంట తీసికొనిపోవచ్చును. పొయ్యి యొద్ద తల్లి ప్రక్కన ఒకరిని కూర్చుండబెట్టుకొనవచ్చును. సెల్‌ఫోను గూటిలో పెట్టుడి. మార్కులతో మొదలుపెట్టవద్దు. మొదటి రెండు వారములు బిడ్డ అనుమానముగా చూచి "ఏమీ లేదు నాన్నా" అనును, అననీయుడి. మూడవ వారమో నాలుగవ వారమో ఏదో ఒకటి చెప్పును, అది మీకు నచ్చనిదై యుండును. ఆ దినమున మాత్రము చేతులు కట్టుకొని వినవలెను. ముగ్గురు బిడ్డలున్న యింట సోమ, మంగళ, గురువారములు సరిపోవును. బుధవారము ప్రార్థన కూటమున్నది. సంత దినమున ఎట్లును వీలుపడదు.